ఆట నియమాలు ఎవరివి? దర్శక నిర్మాత సుకుమార్ సినిమాలపై ఒక పరిశీలన

నవలను, కథానికను ఎలా విమర్శించాలో కిందటి పాఠాలలో చదివారు. ఈ పాఠంలో ఒక సినిమా దర్శకుడి కృషిని మొత్తంగా తీసుకొని పరిశీలిద్దాం. ఇందుకు ఎంచుకున్న వ్యక్తి సుకుమార్. ఆయన 1970లో రాజోలు దీవిలోని మట్టపర్రులో పుట్టారు. కొత్తపేటలోనో అమలాపురంలోనో ఉండి ఈ పాఠం చదువుతున్న మీకు ఆ ఊరు దూరమేమీ కాదు. అయితే మన కోనసీమవాడన్న అభిమానం వేరు, విమర్శ వేరు. ఈ రెండింటినీ కలపకుండా చదవడం ఈ పాఠంలో మీరు చేయవలసిన మొదటి పని.

సినిమాల్లోకి రాకముందు సుకుమార్ కాకినాడలో జూనియర్ కళాశాల విద్యార్థులకు లెక్కలు చెప్పేవారు. ఈ సంగతిని పత్రికలు తరచుగా ఒక ముచ్చటగా రాసి వదిలేస్తుంటాయి. విమర్శకుడికి మాత్రం ఇది ముచ్చట కాదు, ఆధారం. లెక్కల మాస్టారు ముందుగా నల్లబల్ల మీద 'ఇచ్చినవి' అని రాసి, ఆ తర్వాత 'కనుక్కోవలసినది' రాస్తారు. సుకుమార్ తొలి సినిమాల కథనం సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. కథానాయకుడు వచ్చీ రాగానే ఒక నియమం పెడతాడు. మిగతా సినిమా అంతా ఆ నియమం ఎక్కడి దాకా నిలుస్తుందో చూడటమే.

'ఆర్య' (2004) తీసుకోండి. గీత అనే అమ్మాయికి అప్పటికే అజయ్‌తో సంబంధం ఉంది. అది తెలిసి కూడా ఆర్య ప్రేమిస్తానంటాడు. ఆమె తిరిగి ప్రేమించనక్కరలేదట, తన ప్రేమను గుర్తిస్తే చాలునట. అప్పటి ప్రేమకథల్లో ఇది కొత్త నియమం. '100% లవ్' (2011)లో బావామరదళ్ల మధ్య ప్రేమ పరీక్ష మార్కుల పోటీగా నడుస్తుంది. '1 నేనొక్కడినే' (2014)లో తన తల్లిదండ్రులెవరో తెలియని యువకుడు తన జ్ఞాపకాలనే నమ్మలేని స్థితిలో ఆనవాళ్లు వెతుక్కుంటూ పోతాడు. 'నాన్నకు ప్రేమతో' (2016)లో మరణశయ్య మీద ఉన్న తండ్రి కోసం కొడుకు ఒక కోటీశ్వరుణ్ణి ఓడించాలి. అందుకు గడువు కూడా ఉంది. గడువు, ప్రత్యర్థి, ఎత్తుకు పైఎత్తు, ఒక్కొక్క మెట్టు దాటడం వంటి మాటలన్నీ మనం కథకన్నా ఆటకే ఎక్కువగా వాడతాం.

పోలిక ఆట దాకా వచ్చింది కాబట్టి ఆటలు తయారుచేయడమే వృత్తిగా గల ఒక దర్శకుణ్ణి పక్కన పెట్టి చూద్దాం. జపాన్‌లో నింటెండో సంస్థకు చెందిన షిగేరు మియామోటో 1981లో 'డాంకీ కాంగ్', 1985లో 'సూపర్ మారియో బ్రదర్స్' అనే వీడియో గేములు రూపొందించారు. మారియో మొదటి మెట్టును మీలో చాలామంది చిన్నప్పుడు ఆడే ఉంటారు. అందులో ఆట ఎలా ఆడాలో చెప్పే పాఠం ఎక్కడా ఉండదు. ఎడమ పక్కన బొమ్మ నిలబడి ఉంటుంది, కుడివైపు ఖాళీ ఉంటుంది. అటు నడుస్తాం. ఎదురుగా ఒక పుట్టగొడుగు లాంటి జీవి వస్తుంది. దాన్ని తాకితే చస్తాం, దూకితే బతుకుతాం. రెండోసారికి నియమం మన వేళ్లకు వచ్చేస్తుంది. అక్కడ దర్శకుడి పని నియమాన్ని చెప్పడం కాదు, మనంతట మనమే కనుక్కునేలా చోటు అమర్చడం. నియమం ఆయనదైనా గెలుపు మాత్రం ఆడినవాడిదే.

సినిమాలో ఈ వీలు లేదు. మన ఊళ్లలో సినిమా ప్రదర్శనను కూడా 'ఆట' అనే అంటారు. మొదటి ఆట, రెండో ఆట అంటాం. కానీ ఆ ఆటలో మన చేతికి ఏ మీటా ఇవ్వరు. కనుక సినిమాను ఆటలా అల్లితే ఒక ప్రశ్న తప్పక వస్తుంది: ఆడేది ఎవరు? సుకుమార్ తొలి సినిమాల్లో దీనికి జవాబు ఒక్కటే. ఆడేదీ, నియమాలు పెట్టేదీ, గెలిచేదీ కథానాయకుడే. తక్కినవారు పావులు. 'ఆర్య'లో గీత ఎవరికి దక్కాలన్న పోటీలో గీతకు ఆడే అవకాశమే రాదు. ఒకడు పైనుంచి దూకి చస్తానని బెదిరిస్తే ఒప్పుకుంటుంది, ఇంకొకడు వద్దన్నా వెంటపడుతూనే ఉంటాడు. ఆ వెంటపడటాన్ని త్యాగమని పేరు పెట్టి సినిమా మన చేత చప్పట్లు కొట్టిస్తుంది. 'నాన్నకు ప్రేమతో'లో ప్రత్యర్థి కూతురి ప్రేమ సైతం ఎత్తుల్లో ఒక ఎత్తుగానే మొదలవుతుంది. కథనం ఎంత చమత్కారంగా ఉన్నా ఈ లోపాన్ని కప్పి చెప్పకూడదు.

ఇక్కడ 'జగడం' (2007) గురించి రెండు మాటలు. వసూళ్లలో అది నిలవలేదు. అయినా రౌడీతనంలోని మెరుపు చూసి మురిసే కుర్రవాడికి ఆ మెరుపు ఇంట్లోనే ఎంత నష్టం తెస్తుందో చూపిన సినిమా అది. గెలిచే ఆటగాడి సూత్రానికి ఆయనే అంత తొందరగా అడ్డుచెప్పుకున్నారన్నది గుర్తుపెట్టుకోండి. ఆ అడ్డు మళ్లీ వినిపించడానికి పదకొండేళ్లు పట్టింది.

2018 మార్చి 30న 'రంగస్థలం' విడుదలైంది. నా దృష్టిలో సుకుమార్ సినిమాలన్నింటిలో ఇదే ముఖ్యమైనది. కారణం చూడండి. ఇది 1980ల నాటి గోదావరి ప్రాంతపు పల్లె. ఊరి ప్రెసిడెంటు ఫణీంద్ర భూపతి దశాబ్దాలుగా ఆ కుర్చీలో ఉన్నాడు. అతని ఎదుట ఎవరు చెప్పులు వేసుకోవాలి, ఎవరు కూర్చోవాలి, అప్పు కాగితంలో ఎంత రాయాలి అన్న నియమాలన్నీ కథ మొదలయ్యే నాటికే ఉన్నాయి. వాటిని కథానాయకుడు పెట్టలేదు. పొలాలకు ఇంజనుతో నీళ్లు పెట్టే చిట్టిబాబుకు వినికిడి తక్కువ. ఊళ్లో ఏం జరుగుతోందో అందరికన్నా ఆలస్యంగా తెలిసేది అతనికే. అంటే మొట్టమొదటిసారి సుకుమార్ కథానాయకుడు నియమాలు తెలియని ఆటలో ఉన్నాడు. దుబాయి నుంచి వచ్చిన అన్న కుమార్‌బాబు ఎన్నికల్లో నిలబడతాడు, హత్యకు గురవుతాడు. చనిపోతూ అన్న చెప్పిన మాటలు తమ్ముడికి వినిపించవు. ఇంతకుముందు సినిమాల్లో చిక్కుముడి అంటే తెలివికి పరీక్ష. ఇక్కడ అదే చిక్కుముడి దుఃఖంగా మారింది.

చిక్కు వీడాక తెలిసే నిజం ఇంకా పెద్దది. అన్నను చంపించింది ఎదురుగా కనిపిస్తున్న ప్రెసిడెంటు కాదు, మర్యాదస్తుడిగా మాట్లాడే దక్షిణామూర్తి. తన కూతురు తక్కువ కులంవాణ్ణి ప్రేమించిందన్నదే కారణం. కనిపించే నియమం కింద కనిపించని నియమం ఒకటి ఉంది. దాని పేరు కులం. ఇలాంటి హత్యల వార్తలు పత్రికల్లో మనం చదువుతూనే ఉన్నాం కాబట్టి ఈ మలుపు కల్పితమైన చమత్కారంగా అనిపించదు. ముగింపు ఇక్కడ కూడా వ్యక్తిగత పగ దగ్గరే ఆగిందని, ఊరి కట్టుబాటు గురించి సినిమా ఆ తర్వాత ఏమీ అనదని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణలో బలం ఉంది.

'పుష్ప' రెండు భాగాల (2021, 2024) గురించి మీరు ఇప్పటికే చాలా విని ఉంటారు. అల్లు అర్జున్‌కు 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ నటుడి గుర్తింపు తెచ్చినదీ దీని మొదటి భాగమే. కాబట్టి ఒక్క అంశమే చూద్దాం. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీ పుష్పరాజ్‌కు ఇంటిపేరు లేదు. తండ్రి పెళ్లాడని తల్లికి పుట్టాడని అన్నలు ఆ పేరు దక్కనివ్వరు. డబ్బుతో, బలంతో అతను అన్ని నియమాలూ మార్చగలడు. తనతో ఫోటోకు ఒప్పుకోని ముఖ్యమంత్రినే మార్చేస్తాడు. ఇంటిపేరు ఒక్కటే అతని చేతిలో లేదు, అవతలివాళ్లు ఇవ్వాలి. 'రంగస్థలం'లో దొరికిన ఎరుక ఇందులో ఉంది. దాని పక్కనే పాత అలవాటూ ఉంది. శ్రీవల్లి నవ్వుకూ ముద్దుకూ డబ్బిచ్చి బేరం చేసే సన్నివేశాలను హాస్యంగా నడిపిన తీరు 'ఆర్య' నాటి నుంచి పెద్దగా కదల్లేదు.

ఇంతవరకు దర్శకుణ్ణి చూశాం. ఇక నిర్మాత. సుకుమార్ రైటింగ్స్ పేరుతో ఆయన తీసిన మొదటి సినిమా 'కుమారి 21 ఎఫ్' (2015). రచన సుకుమార్‌ది, దర్శకత్వం పల్నాటి సూర్యప్రతాప్‌ది. ఇందులో విచిత్రమేమిటంటే నియమం పెట్టేది అమ్మాయి. తన గతం గురించి అనుమానం లేకుండా తనను ప్రేమించగలవా అన్నది ఆమె పెట్టిన పరీక్ష. ఆ పరీక్షలో అబ్బాయి పదే పదే తప్పుతాడు. తన దర్శకత్వంలో ఇవ్వని చోటును సుకుమార్ ఇంకొకరికిచ్చిన కథలో ఇచ్చారు. చివరకు ఆమె మీద జరిగే హింస కథను మళ్లీ అబ్బాయి ప్రతీకారంగా మార్చేసింది, అది వేరే సంగతి. శిష్యుడు బుచ్చిబాబు సానా దర్శకత్వంలో వచ్చిన 'ఉప్పెన' (2021)లో పరువు పేరుతో కన్నతండ్రి చేసిన ఘోరాన్ని కూతురే నిలదీస్తుంది. 'మగతనం' అనే మాటకు ఆమె చెప్పిన అర్థంతోనే సినిమా ముగుస్తుంది. ఆ సినిమాకు జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రంగా పురస్కారం వచ్చింది. 'రంగస్థలం'లో అందరికన్నా తక్కువ చోటు దక్కిన ఆ కూతురి పాత్ర ఇక్కడికి వచ్చి మాట్లాడుతున్నట్టు నాకు తోస్తుంది.

మరి ఈ సినిమాల కర్త ఎవరు? వీడియో గేముల రంగంలోనూ ఈ చిక్కు ఉంది. 1998లో వచ్చిన 'జెల్డా' ఆట 'ఒకరీనా ఆఫ్ టైమ్'కు మియామోటో నిర్మాత, దర్శకులు పలువురు. వారిలో ఒకరైన ఏజీ అవోనుమా తర్వాత ఆ వరుసకు తానే నిర్మాత అయ్యారు. 2017 నాటి 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'కు దర్శకుడు హిదేమారో ఫుజిబయాషి. పేరు ఒక్కటే, చేతులు మారాయి. ఇంత దూరం వెళ్లనక్కరలేదు కూడా. కొత్తపేట శిల్పులు చేసిన విగ్రహాలు ఎన్నో ఊళ్ల కూడళ్లలో నిలబడి ఉన్నాయి. మట్టి నమూనా ఒక చేయి, అచ్చు తీసేది ఒక చేయి, పోత పోసేది మరో చేయి, మెరుగు పెట్టేది ఇంకో చేయి. శిల్పి పేరు మాత్రం ఒక్కటే చెబుతాం. అది అబద్ధమేమీ కాదు, ముఖకవళిక ఎలా ఉండాలో చివరి మాట ఆయనదే. కానీ ఆ పేరు మొత్తం నిజమూ కాదు. సుకుమార్ దర్శకత్వం వహించిన సినిమాలన్నిటికీ సంగీతం దేవిశ్రీప్రసాద్‌ది. 'ఆర్య' నుంచి 'రంగస్థలం' దాకా పలు సినిమాలకు ఛాయాగ్రహణం రత్నవేలుది. 'రంగస్థలం' ఊరిని సెట్‌గా నిలబెట్టింది రామకృష్ణ, మౌనిక. చంద్రబోస్ పాటలు తీసేస్తే చిట్టిబాబు సగమే మిగులుతాడు. విమర్శ రాసేటప్పుడు 'సుకుమార్ ఇలా చూపించారు' అని మీరు రాసే ప్రతి వాక్యం దగ్గరా ఒక్క క్షణం ఆగి, అది నిజంగా ఎవరి పనో చూసుకోండి.

అభ్యాసం

'రంగస్థలం' గానీ 'ఉప్పెన' గానీ మరోసారి చూడండి. మొదటి ముప్పై నిమిషాల్లో ఆ ఊరి నియమాలు ఏవేవి మీకు తెలిశాయో ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో పాత్రలు నోటితో చెప్పినవి ఏవి, చెప్పకుండానే మీకు అర్థమైనవి ఏవి? ఆ నియమాలను మార్చే శక్తి కథలో ఎవరెవరికి ఉంది, ఎవరికి లేదు? లేనివారిలో ఒక పాత్రను ఎంచుకొని, కథ మొత్తాన్ని ఆ పాత్ర వైపు నుంచి రెండు పుటలకు మించకుండా రాసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.