చైన్ మిషనా, టైర్ల మిషనా?

వానాకాలం వరి కోతకొచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో మిర్యాలగూడ రైతుకు రెండు భయాలు. పైన తుపాను, కింద ఆరని నల్లరేగడి. పదును ఆరని మడిలోకి టైర్ల హార్వెస్టర్ దిగితే గట్టు దాటగానే దిగబడుతుంది. దాన్ని లాగడానికి ట్రాక్టర్ పిలవాలి. అందుకే సాగర్ ఎడమ కాలువ కింద రైతులు టైర్లకు బదులు పట్టాలపై నడిచే చైన్ మిషన్ కోసం నాలుగు రోజులైనా ఆగుతారు.

పాలమూరు చెలకల్లో లెక్క వేరు. యాసంగిలో మడి గట్టిగా ఆరి ఉంటుంది. 14 అడుగుల కట్టర్ ఉన్న టైర్ల మిషన్ ఒక్క సాలులో చైన్ మిషన్‌కు రెట్టింపు వెడల్పు కోస్తుంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు మీదే వెళ్లిపోతుంది. చైన్ మిషన్‌ను ప్రతిసారీ బండి ఎక్కించాలి, ఆ ఖర్చు వేరే.

గడ్డి సంగతీ ఉంది. కుబోటా డీసీ-68జీ లాంటి చైన్ మిషన్లు పంటను డ్రమ్ము పొడవునా దొర్లిస్తూ నూరుస్తాయి. వడ్లు బాగా రాలతాయి, గడ్డి మాత్రం నలుగుతుంది. ప్రీత్ 987 లాంటి పెద్ద టైర్ల మిషన్లలో నూర్చిన గడ్డిని విదిలించి వెనక్కి తోసే వాకర్లు ఉంటాయి. గడ్డి కాస్త పొడుగ్గా మిగులుతుంది. కొట్టంలో బర్రెలున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

అయితే ఏ కంపెనీ మిషన్ అయినా అసలు పరీక్ష దాని వెనక నేల మీదే. కోత అయిన మడిలో చదరపు అడుగు చొప్పున నాలుగైదు చోట్ల, గడ్డి వరుస కింద కూడా, గింజలు ఏరి లెక్కపెట్టాలి. సగటున 50 గింజలు దొరికితే, సన్న రకాల్లో ఎకరాకు సుమారు 30 కిలోలు మట్టిపాలైనట్టే. 2025-26 మద్దతు ధర ప్రకారం గ్రేడ్-ఏ వడ్లు క్వింటాలు 2,389 రూపాయలు. అంటే ఎకరాకు సుమారు ఏడొందల నష్టం.

ఈ నష్టానికి మిషన్ ఒక్కటే కారణం కాదు. కిరాయి గంట లెక్కన కాబట్టి రైతు తొందరపెడతాడు. వేగం పెరిగితే జల్లెడ మోయలేక వడ్లు గడ్డితో పాటే వెనక్కి పోతాయి. బ్లోయర్ గాలి ఎక్కువైతే మంచి గింజ ఎగిరిపోతుంది, తక్కువైతే తాలు మిగిలి ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో కొర్రీ పడుతుంది. డ్రైవర్ పని తెలిసినవాడైతే పాత మిషన్ కూడా శుభ్రంగా కోస్తుంది.

ఇక మెకానిక్. సీజన్ మొత్తం నెల, నెలన్నర. అందులో ఒక బెల్టు తెగి మూడు రోజులు ఆగితే ఆ మూడు రోజుల కిరాయి మళ్లీ రాదు. 2020 లాక్‌డౌన్‌లో సైతం హార్వెస్టర్ల రాకపోకలకు, విడిభాగాల దుకాణాలకు కేంద్రం మినహాయింపు ఇచ్చింది ఇందుకే.

కొత్త మిషన్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొనాలన్న ఆశ పెరగడం సహజం. బయానా ఇచ్చే ముందు మీ మండలంలో ఆ మోడల్ కోస్తున్న మడికి ఒకసారి వెళ్లండి. వెనక రాలిన గింజలు లెక్కపెట్టండి. మెకానిక్ ఏ ఊళ్లో ఉంటాడో ఆ మిషన్ యజమానినే అడగండి.