ఇచ్చిన మాటలు

పెదపాడులో జరిగిన కథల పోటీకి నేనూ ఒక కథ పంపాను. వల, గట్టు, పడవ అనే మాటలు అందులో రావాలన్నది నిబంధన. అవధానంలోని దత్తపదీ ఇలాంటిదే: పృచ్ఛకుడిచ్చిన పదాలను పద్యంలో ఇమిడ్చితే సభ మెచ్చుకుంటుంది. నేనూ ఇమిడ్చాను. తీరా చదువుకుంటే నా గట్టుమీద వెన్నెల తప్ప మనిషి లేడు!

2006లో ప్రభుత్వం కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టించింది. గట్టంటే అక్కడివారికి కూలీ, అప్పూ, తగాదా కూడాను.

1952లో ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ చూడండి. అక్కడ గాలివాన అలంకారం కాదు; రావుగారి నియమాలను కూల్చే శక్తి.

మాట ఇవ్వడం తప్పుకాదు. ఆ మాట వెనకనున్న మనిషిని మరవడమే తప్పు. నా కథ తిరగరాస్తున్నాను.