3.4 ‘మాతృ మరణాల నిష్పత్తి’: పదం, ప్రయోగం

గర్భిణిగా ఉన్నప్పుడుగాని, గర్భం ముగిసిన 42 రోజుల లోపుగాని, గర్భానికి సంబంధించిన కారణం వల్ల లేదా గర్భం వల్ల ముదిరిన జబ్బు వల్ల స్త్రీ మరణిస్తే దాన్ని మాతృ మరణం అంటారు. లక్ష సజీవ జననాలకు ఇలాంటి మరణాలు ఎన్నో తెలిపేదే మాతృ మరణాల నిష్పత్తి. నమూనా నమోదు విధానం ప్రకారం 2018-20లో ఇది దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45.

ఈ పదం వాడుకలో మూడు పొరపాట్లు గమనించవచ్చు.

మొదటిది, ‘బాలింత మరణాలు’ అని రాయడం. బాలింత అంటే ప్రసవించిన స్త్రీ. నెలలు నిండకముందే మలేరియా ముదిరి మరణించిన కొండ గూడెం గర్భిణి బాలింత కాదు. కానీ ఆమె మరణం మాతృ మరణమే. మాట మారితే ఆమె లెక్కలోంచి జారిపోతుంది.

రెండవది, నిష్పత్తిని ‘రేటు’ అనడం. రేటును సజీవ జననాలపై కాక 15-49 ఏళ్ల స్త్రీల సంఖ్యపై కడతారు. రెండూ వేరు.

మూడవది, రాష్ట్ర సగటును ప్రతి ప్రాంతానికీ అన్వయించడం. రాష్ట్రానికే మూడేళ్ల వివరాలు కలిపి ఈ అంచనా వేస్తారు. ఒక మండలంలో ఏడాదికి వెయ్యి కాన్పులు అయ్యాయనుకోండి. ఒక్క మరణం సంభవిస్తే నిష్పత్తి 100, రెండు సంభవిస్తే 200, ఏదీ లేకుంటే సున్నా. ఇంత చిన్న లెక్కలో ఈ అంకె నిలకడగా ఉండదు. అందుచేత 45 అన్న అంకె అరకు కొండల పరిస్థితికి సాక్ష్యం కాజాలదు.

నిర్వచనానికీ ఒక హద్దు ఉంది. ప్రమాద మరణాలు ఇందులో చేరవు. కాన్పుకు వెళ్తున్న గర్భిణి ఘాట్ రోడ్డులో జీపు బోల్తాపడి చనిపోతే అది మాతృ మరణం కాదు. డోలీలో మోసుకొస్తుండగా రక్తస్రావంతో చనిపోతే మాతృ మరణమే. రెండు చోట్లా దూరమే శత్రువు; లెక్కకెక్కేది ఒకటే.

అలాగని ఈ పదాన్ని తోసిపుచ్చనక్కరలేదు. రాష్ట్రాలను, కాలాలను పోల్చడానికి ఇది పనికొచ్చే కొలత. గూడెం స్థాయిలో మాత్రం నిష్పత్తి కన్నా ఒక్కో మరణం వివరమే ముఖ్యం: ఆసుపత్రికి బయలుదేరడంలో ఆలస్యమైందా, చేరడంలోనా, చేరాక వైద్యం అందడంలోనా? డోలీ మోసిన దారికి జవాబు ఈ ప్రశ్నల్లో దొరుకుతుంది, సగటులో దొరకదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: ‘మా మండలంలో ఈ ఏడాది మాతృ మరణాల నిష్పత్తి సున్నా, కాబట్టి సమస్య తీరింది’ అన్న వాక్యాన్ని ఐదు పంక్తుల్లో విమర్శించండి.