విజ్ఞానకథలో పొరపాటునకు చోటు

పర్యావరణ పరిశోధనలను కథలుగా చెప్పి విద్యార్థులకు శాస్త్రమునందు అభిరుచి కలిగింపవలెనను ప్రయత్నము మెచ్చదగినదే. చిక్కంతయు చెప్పెడి తీరులో ఉన్నది. చిన్నయసూరి నీతిచంద్రికతో చదువు నేర్చిన తెలుగువారికి మృగపక్షుల కథ యనగానే చివర నొక నీతి కనబడవలెను. పరిశోధన కథ అట్టిది కాదు. దానిని నడపువానికే ముగింపు ముందుగా తెలియదు.

రాజస్థానములో భరత్‌పూర్ చెంతనున్న కేవలాదేవ్ చిత్తడినేల కథ ఇందుకు తగిన ఉదాహరణము. ఒకప్పుడది రాజుల వేటతావు. తరువాత పక్షులకు రక్షితస్థలమయ్యెను. చుట్టుపట్ల గ్రామముల గేదెలు అందు మేసెడివి. ఆ మేత పక్షులకు చెరుపని శాస్త్రజ్ఞులు నమ్మిరి. సాలిం అలీ వంటి ఉద్దండుడును దానిని మాన్పింపవలెననియే కోరెను. 1982లో నిషేధము వచ్చెను. గ్రామస్థులు ఎదిరించిరి, పోలీసుల కాల్పులలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. సాలిం అలీకి పుట్టినిల్లు వంటి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారే 1980 నుండి పదేండ్లపాటు అచ్చటి నీటిని, గడ్డిని, చేపలను, పక్షులను పరిశీలించిరి. తేలినదేమి? గేదెలు లేకపోవుటచే నీటిగడ్డి అడ్డులేక ప్రబలి మడుగులను కప్పివేసెను. నీటిపక్షులకు నెలవు తగ్గెను. శత్రువనుకొన్న గేదెయే ఆ తావును కాపాడుచుండెను!

దీనినే పాఠ్యపుస్తకము ‘మేత చిత్తడినేలకు మేలని కనుగొనబడినది’ అని ఒక్క వాక్యమున ముగించును. ఈ ‘బడు’ ప్రయోగము అనువాదముల వెంట వచ్చి మన శాస్త్రగ్రంథములలో తిష్ఠ వేసినది. ఆంగ్లమున కర్త లేకయే వాక్యము సుఖముగా నడచును. తెలుగు మాత్రము ‘ఎవరు?’ అని అడుగును. అడుగనిండు! ఎవరు చూచిరి, ఎన్నాళ్లు చూచిరి, అంతకుముందు ఏమని నమ్మిరి అని చెప్పబోయినచో కథ దానంతట అదే వచ్చును.

అయితే కథకుని చేతివాటమునకును హద్దు కలదు. సైబీరియా కొంగలు 2002 తరువాత అచ్చటికి రాలేదు. ఆ నష్టమును కూడ మేత నిషేధము లెక్కలో వేసినచో కథ రక్తి కట్టును, శాస్త్రము చెడును. వాటి వలసదారిలో వేట మొదలగు కారణములు వేరుగా కలవు. గేదె అన్ని చిత్తడినేలలకును మేలు చేయుననుటయు అట్టి తొందరపాటే. ఇక కాల్పుల ప్రసక్తి పిల్లలకెందుకని విడువదలచు రచయిత ఉండవచ్చును. అది విడిచినచో పొరపాటునకు వెల చెల్లించినవారే కథలో లేకపోదురు.

మంచి ఉపాధ్యాయుడు ఈ కథను 1982 వద్ద ఆపి, ‘మీరే అచ్చట ఉన్నచో ఏమి కొలిచెదరు?’ అని తరగతిని అడుగును. ఒకడు పక్షులను లెక్కింతుననును. ఒకతె గడ్డిని కొలుతుననును. గేదెలకాపరిని అడిగి తెలిసికొందునను విద్యార్థియు ఉండకపోడు.