అభిమన్యుశోకము: భారతమున నోదార్పు స్వరూపము

భారతయుద్ధమున మడిసిన చిన్నవా రనేకులు. ఘటోత్కచుఁడు పదునాలవనాఁటి రాత్రి కూలెను. ద్రౌపదికొడుకు లేవురును శిబిరమున నిద్రలోఁ జంపఁబడిరి. దుర్యోధనుని కుమారుఁడైన లక్ష్మణుఁ డభిమన్యునిచేతనే హతుఁడయ్యెను. అయినను, పిన్నవయసున రాలిపోయిన వీరుఁ డనఁగానే తెలుఁగువారికి మొదట స్ఫురించు పేరు అభిమన్యునిది. ఆతని శౌర్యమే దీనికిఁ గారణమనుట చాలదు. వ్యాసుఁ డాతనికై శోకించువారిని బలువురను నిలిపి, ఒక్కొక్కరి దుఃఖము నొక్కొక్క తీరునఁ జిత్రించెను. చనిపోయిన పిన్నవాని నెట్లు స్మరింపవలయును, ఏది నిజమైన యోదార్పు అను ప్రశ్నలకు భారతమిచ్చు నుత్తరము ఆ భేదములయందే యున్నది.

ఈ శోకమునకు మొదలు ద్రోణపర్వమునఁ గాదు, ఆదిపర్వమునఁ గలదు. దేవాంశలచేఁ బుట్టినవారినిఁ జెప్పుచోట, సోముఁడు తన కుమారుఁడైన వర్చసుని భూమికిఁ బంపుట కిష్టపడఁడు. దేవకార్యమని తుద కొప్పుకొనియు, కొడుకు పదునాఱేండ్లకు మించి యచట నుండరాదని నియమము పెట్టును. ఆ వర్చసుఁడే యభిమన్యుఁడు. బిడ్డ తిరిగి వచ్చునని తెలిసియు నొక తండ్రి యెడఁబాటున కోర్వలేక గడువు పెట్టెను. ఆ గడువు నెఱుఁగని వేఱొక తండ్రి కది యకాలమృత్యువయ్యెను. ఆ పదునాఱేండ్లే యొకరికి దీర్ఘవియోగము, ఒకరికి స్వల్పసహవాసము.

యుద్ధమున పదుమూఁడవనాఁడు అర్జునుఁడు సంశప్తకులతోఁ బోరుటకై దూరముగాఁ బోయి యుండఁగా, ద్రోణుఁడు పన్నిన వ్యూహమును భేదింపుమని బాలునిఁ గోరినవాఁడు ధర్మరాజు. వెన్నంటి వచ్చెదమన్న పాండవులను సైంధవుఁ డడ్డగించెను. కావున ధర్మజుని శోకమున నపరాధభావమే ప్రధానము. భోజనమున, వాహనమున, శయ్యయందు, భూషణములయందు ముందుంచవలసిన బాలుని యుద్ధమున ముందుంచితిమని యాతఁడు వగచును. గెలుపుమీఁది యాశయే తనచే నీ పని చేయించినదని యొప్పుకొనును. శత్రువులను నిందించుటకుఁ గావలసినంత యవకాశ మున్నను, ఆతని నింద మొదట తనమీఁదికే మఱలినది.

అర్జునుని దుఃఖము వేఱు. ఆతఁడు మరలివచ్చునప్పటికి వార్త యెవ్వరును జెప్పలేదు. శిబిరమున మంగళవాద్యములు మ్రోగవు, వీణలు వినఁబడవు, భటులు మొగములు త్రిప్పుకొందురు, నిత్యము సోదరులతోఁ గూడి నవ్వుచు నెదురువచ్చు కొడుకు రాఁడు. ఈ వెలితినుండియే యాతఁడు సంగతి నూహించును. పిమ్మట నాతఁ డన్న మాటలలో నెల్లను గుండెను గోయునది యొకటి కలదు: వ్యూహమునుండి వెలువడు నుపాయమును దాను కొడుకునకు నేర్పలేదనుట. లోకమెల్ల శత్రువుల యధర్మమునే తలఁచును. తండ్రి తాను సగములో విడిచిన పాఠమును దలఁచెను. విద్య గఱపువారి మనసున నీ మాట నిలువకపోదు.

ప్రచారమందున్న సంస్కృతప్రతులలో ధర్మజుని విలాపమునకును నర్జునుని రాకకును నడుమ వ్యాసుఁడు వచ్చి, మృత్యుదేవత పుట్టుకయు, పదాఱుగురు రాజుల చరిత్రమును దెలిపి యోదార్చును. పూనాలోని భండార్కరు ప్రాచ్యపరిశోధనసంస్థ 1933 మొదలు 1966 వఱకుఁ బ్రకటించిన సంశోధితప్రతియం దీ భాగము ద్రోణపర్వమూలమునుండి తొలఁగి యనుబంధమునఁ జేరినది. షోడశరాజకథ శాంతిపర్వమునందే నిలిచినది. పాఠనిర్ణయము వ్రాఁతప్రతుల సాక్ష్యముచే జరిగినదైనను, కావ్యదృష్టికిని మేలు చేసినది. మహారాజులే పోయిరి కదా యను నుపదేశము సత్యమే. కాని కొడుకు శవ మింకను రణభూమినుండఁగా నది వినువాఁడెవఁడు? ఆ యుపాఖ్యానము తొలఁగినపుడు ధర్మజుని కన్నీ రాఱకమున్నే యర్జునుఁడు నిశ్శబ్దమైన శిబిరమునఁ బ్రవేశించును. యుద్ధము ముగిసిన వెనుక శాంతిపర్వమున నదే కథ చక్కఁగా నిముడును. ఉపదేశమునకును వేళ యొకటి కలదు.

స్త్రీల శోకము మఱియొక తీరు. మెత్తని పానుపులపైఁ బరుండిన దేహము నేలపై నెట్లున్నదో యని సుభద్ర మొదట వాపోవును. పిమ్మట దానశీలురు మున్నగు పుణ్యాత్ములు పొందు గతుల నొక్కొక్కటిగాఁ బేర్కొని, ఆ గతికిఁ బొమ్మని కొడుకును సాగనంపును. ఏడ్పు దీవనగా మాఱినది. స్త్రీపర్వమున నుత్తర మగని కవచమును విప్పి, నెత్తుట తడిసిన వెండ్రుకలను జేతితో సవరించి, తల నొడిలోఁ బెట్టుకొని, బ్రదికియున్నవానితోవలెఁ బలుకును. వారి కాఁపుర మాఱునెలలు. ఏడవనెల నాతఁడు పోయెను. పెద్ద లాతని యేండ్ల నెంచిరి. ఆమె నెలల నెంచినది.

ఈ ఘట్టముల కన్నిటికి నర్థము నిచ్చునది ఆశ్వమేధికపర్వమునందలి యొక చిన్న సన్నివేశము. యుద్ధానంతరము ద్వారకకు వచ్చిన శ్రీకృష్ణుఁడు తండ్రియగు వసుదేవునకు యుద్ధవృత్తాంతముఁ జెప్పుచు, దౌహిత్రుని మరణమును మాత్రము విడిచిపెట్టెను. ముదుసలి యోర్వఁజాలఁడని యాతని తలంపు. ఇది దయయే, ఔచిత్యమే యని యెవరికైనఁ దోఁచును. కాని వినుచున్న సుభద్ర తన కొడుకు చావునుగూడఁ జెప్పుమని యన్న నడిగి నేలఁ గూలెను. అంతట వసుదేవుఁడు, బాలుఁడు వెన్నుచూపి చావలేదు గదా, రణమున మొగము వికృతము కాలేదు గదా యని యడుగును. కృష్ణుఁ డంతయుఁ జెప్పును. విన్నపిమ్మట నా వృద్ధుఁడు శోకమును విడిచి శ్రాద్ధము పెట్టెను. దాఁచుటవలనఁ గలుగని యుపశమనము చెప్పుటవలనఁ గలిగినది. మృతుని కథనుండి మృతునిఁ దొలఁగించుట రెండవమృత్యువని యెఱిఁగినది తల్లి యొక్కతెయే.

తెలుఁగుభారతమున అభిమన్యుని పుట్టుక నన్నయ రచించిన భాగమునఁ బడెను. విరాటపర్వమునందలి పెండ్లి మొదలు స్త్రీపర్వమునందలి విలాపముమీఁదుగాఁ బరిక్షిజ్జననము వఱకుఁ గల కథ తిక్కన పాలఁ బడెను. పెండ్లిపందిరి వేసిన చేతికే యా యింటి యేడ్పును వ్రాయవలసివచ్చెను. జనశ్రుతి యంతటితోఁ దృప్తిపడలేదు. ద్రోణపర్వమున వ్యూహభేదనము తండ్రి నేర్పినదని అభిమన్యుఁడే చెప్పఁగా, గర్భమున నుండియే వినెనని లోకము చెప్పుకొనెను. వ్యాసుఁ డెఱుఁగని శశిరేఖను దెచ్చి పెండ్లిచేసెను. ఆ కథ 1957లో మాయాబజారు చలనచిత్రమై యింటింటికిఁ దెలిసినది. మూలమునకు విరుద్ధములని వీనిని ద్రోసివేయుట సులభము. కాని యవి చేసిన పని గమనింపఁదగినది: ఒకటి యాతని జీవితమును వెనుకకుఁ బొడిగించినది, ఒకటి నడుమ నింపినది. పద్మవ్యూహమునుండి యాతనిఁ బ్రాణములతో వెలువరించు కథను మాత్రము లోకము నమ్మలేదు. మరణమును గాదనక, జీవితమునే పెంచుకొన్న స్మరణ మిది.

స్వర్గారోహణపర్వమున సౌభద్రుఁడు సోముని చెంతఁ గనఁబడును. గడువు పెట్టిన తండ్రికిఁ గొడుకు దక్కెను. భూమిపై మిగిలినవారికి దక్కినది కథయే. చెప్పుమని సుభద్ర యడిగిన దానిని సర్పయాగమున వైశంపాయనుఁడు మొదటినుండి తుదివఱకుఁ జెప్పెను. కూర్చుండి విన్న జనమేజయుఁ డభిమన్యుని మనుమఁడు.