తీగెని తాకే గోరు

మా పుట్టింటి హాల్లో ఓ మూల గలేబు తొడిగిన వీణ ఉండేది. అమ్మది. పెళ్ళయ్యాక ఎందుకు మానేశావంటే వేళ్ళు చూపించి నవ్వేది. "అంట్లు తోమే చేతికి గోళ్ళెక్కడ నిలుస్తాయే?"

సంగీతం మీద మనవాళ్ళు రాసిన వ్యాసాలు చదివినప్పుడల్లా నాకీ మాటే గుర్తొస్తుంది. రాగం గురించి రాస్తారు, గమకం గురించి రాస్తారు, వీణ చేసే పనసకొయ్య గురించీ రాస్తారు. తీగెని తాకేదేమిటో రాసేవాళ్ళు మాత్రం అరుదు. అంత చిన్న వస్తువుకి చరిత్రేమిటని కాబోలు!

ఉందండీ చరిత్ర. అమరకోశంలోనే దానికి 'కోణము' అని పేరుంది. 9వ శతాబ్దంలో బాగ్దాద్ నుంచి స్పెయిన్‌లోని కార్డోబా చేరిన జిర్యాబ్ అనే విద్వాంసుడు చెక్కపుల్ల మానేసి గద్ద ఈకతో ఊద్ వాయించాడని అరబ్బులు రాసుకున్నారు. మన సితారుకి తీగెతో చుట్టిన మిజ్రాబ్, సరోద్‌కి కొబ్బరిచిప్ప ముక్క. తాకేది మారితే నాదమే మారిపోతుంది మరి.

మెరిసే ప్రతిదాని వెనకా ఒకరి కష్టం ఉంటుందంటారు. పాశ్చాత్యుల గిటార్లూ మాండలిన్లూ చాలాకాలం సముద్రపు తాబేలు డిప్పతో పలికాయి. 1922లో న్యూయార్క్‌లో డి ఆండ్రియా అనే ఆయన సెల్యులాయిడ్‌తో ముక్కలు చేయడం మొదలెట్టాడు. 1970లలో ఆ తాబేలు డిప్ప దేశాలు దాటకూడదని అంతర్జాతీయ ఒప్పందంలో చేర్చారు. పాపం, తాబేలుకి అప్పటికిగానీ దిక్కు దొరకలేదు!

అన్నట్టు, ఈ మీటే సాధనాన్ని కనిపెట్టింది ఒక స్త్రీ అని, కవయిత్రి సాఫో అని, 10వ శతాబ్దపు గ్రీకు నిఘంటువొకటి చెబుతుంది. నిజమో కాదో పక్కన పెట్టండి. ఆ గౌరవం ఒక ఆడదానికి ఇచ్చారు, అదే ముచ్చట.

మన వైణికుల్లోనూ కొందరు వేళ్ళకి తీగె గోళ్ళు తొడుక్కుని వాయిస్తారు. సొంత గోరు విరిగినా పాట ఆగదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి నలభై ఏళ్ళొచ్చాయి. పోయినేడు ఒక జత కొని అమ్మకిచ్చాను. తొడిగి, తిప్పి తిప్పి చూసుకుంది.

"ఇవి అప్పుడూ ఉండేవా?" అంది.

నాకు జవాబు చెప్పబుద్ధి కాలేదు. వీణ గలేబు ఆవిడింకా తియ్యలేదు. ఆ జత మాత్రం పోపులపెట్టె పక్కనే పెట్టుకుంది.

సంగీతం మీద రాసే పెద్దలారా, ఈసారి రాగాల మధ్య ఈ గోటికీ ఒక్క వాక్యం ఇవ్వండి. ఏ వంటింట్లో ఎవరు చదువుతారో!