రక్షణ, ఆస్తి, మౌనం: ‘రమోనా’ మూకీ చిత్రం – బుచ్చమ్మ పాత్ర

సంపన్నగృహంలో లోకం తెలియకుండా పెరిగిన కన్య ప్రేమ కోసం గడప దాటడం మూకీ చిత్రాలకు ప్రియమైన ఇతివృత్తం. ఆమెకు పెద్దలు కల్పించిన రక్షణ ఎవరి ప్రయోజనం కోసం? ఈ ప్రశ్నతో 1928 నాటి హాలీవుడ్ చిత్రం ‘రమోనా’ను గురజాడ సృష్టించిన బుచ్చమ్మ పాత్రతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

హెలెన్ హంట్ జాక్సన్ 1884లో ప్రచురించిన నవల ఈ చిత్రానికి మూలం. గ్రిఫిత్ 1910లోనే మేరీ పిక్‌ఫర్డ్ నాయికగా దీన్ని 17 నిమిషాల చిత్రంగా తీశాడు. 1928 చిత్రానికి దర్శకుడు ఎడ్విన్ కరూ. నాయిక డొలొరెస్ డెల్ రియో. కాలిఫోర్నియాలోని మొరేనో కుటుంబపు విశాలమైన పశుక్షేత్రంలో రమోనా పెంపుడు బిడ్డ. తల్లి ఆదివాసి స్త్రీ అన్న సత్యాన్ని సంరక్షకురాలు ఆమెకు తెలియనివ్వదు. నవలలో రమోనా కోసం తండ్రి ఉంచిన నగలు కూడా సంరక్షకురాలి అధీనంలోనే ఉంటాయి. ఆమె మెచ్చిన వరుణ్ణి పెళ్లాడితేనే అవి దక్కుతాయి. ఇక్కడ రక్షణకు మరో పేరు ఆస్తి నిర్వహణ.

బుచ్చమ్మ స్థితి దీనికి దూరం కాదు. ‘కన్యాశుల్కం’లో అగ్నిహోత్రావధాన్లకు వితంతువైన కూతురి బతుకుకంటే ఆమె భూముల వ్యాజ్యం మీదే ధ్యాస. గిరీశానికీ ఆమె అందంతోపాటు ఆ భూములూ కనిపిస్తాయి. కాపాడేవాడూ, విడిపించేవాడూ ఒకే ఆస్తిని చూస్తున్నారు.

భేదం అభినయంలో ఉంది. గురజాడ నాటకం వాచికానికి పెట్టింది పేరు. గిరీశం మాటల వెల్లువలో బుచ్చమ్మ పలుకు చిన్నది. అందరూ మాట్లాడే చోట ఆమె మౌనం ఆమె ఒక్కతెదే. మూకీలో వాచికం ఎవరికీ లేదు. సంరక్షకురాలి అధికారమూ, నాయిక నిరాకరణా ఆంగికంలోనే, శీర్షికాపత్రాల సాయంతోనే వ్యక్తం కావాలి. అందువల్ల రమోనా కన్నులకూ అడుగులకూ దక్కిన ప్రాధాన్యం రంగస్థలంపై బుచ్చమ్మకు సులభంగా దక్కదు.

అయితే ముగింపులో ఈ తూకం తారుమారవుతుంది. బిడ్డనూ, భర్త అలెశాండ్రోనూ పోగొట్టుకుని జ్ఞాపకం కోల్పోయిన రమోనాను ఫెలిపే తిరిగి అదే ఇంటికి తెస్తాడు; అక్కడే ఆమెకు స్మృతి కలుగుతుంది. దాటిన గడపే స్వస్థతా స్థానమైంది. బుచ్చమ్మను మాత్రం గురజాడ తండ్రి ఇంటికీ పంపలేదు, గిరీశానికీ అప్పగించలేదు. సౌజన్యారావు ద్వారా పుణే వితంతు శరణాలయానికి, చదువుకు దారి చూపాడు. అదీ మరొకరి నిర్ణయమే. కాని ఆమె ఆస్తిపై ఆశ లేని చోటు అదొక్కటే.

నాయికకు చూపులో స్వేచ్ఛనిచ్చిన చిత్రం కథలో దాన్ని వెనక్కు తీసుకుంది. మాటలో స్వేచ్ఛ తక్కువగా ఇచ్చిన నాటకం కథలో కొంతైనా మిగిల్చింది. స్త్రీ పాత్రల స్వాతంత్ర్యాన్ని సంభాషణల పరిమాణంతోనే కొలిచే మన విమర్శ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంది.